గురువారం పది పదిహేను

మా ఊరు వూచ్. ఆ మాటకు పడవ అని అర్థం.
ఊళ్లో పడవ తేలేంత నీళ్లు లేవు.
ట్రాములున్నాయి. నేను పన్నెండో నంబరు నడుపుతాను.

నిమిషాలతో నాకు పేచీ లేదు.
ఏ స్టాపుకు ఎన్నింటికి చేరాలో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
ఆదివారం రాత్రి ఫ్రిజ్ ముందు నిలబడితే మాత్రం
ఏడు గళ్ల వారం నాకు లొంగదు.

డిపో డ్యూటీ కాగితం వెనక్కి తిప్పి
స్కేలుతో గీతలు కొడతాను.
సోమవారం నాలుగింటికి స్పీచ్ థెరపీ,
అంటే మూడూ ఇరవైకి క్యాబిన్ దిగి
మూడూ ముప్పైఐదుకి బడి గేటు దగ్గరుండాలి.
టిమోన్ కుడి బూటు ముందు వేసుకుంటే నాలుగు నిమిషాలు.
ఎవరైనా ఎడమది అందించారా,
మళ్లీ మొదటి నుంచి, మేజోళ్ల నుంచి.
దాన్ని ఏ గడిలో రాయను?

మంగళవారం వాళ్ల నాన్నది.
వితోల్ద్ రాత్రంతా రొట్టెల బట్టీలో పనిచేసి
పిండి అంటిన కనురెప్పలతోనే
వాణ్ణి ఊయల గదికి తీసుకెళ్తాడు.
వాడు ఊగుతుంటాడు, ఈయన తూగుతుంటాడు.

బుధవారం ఖాళీ.
ఖాళీ అని రాస్తే ఎవరో ఒకరు నింపేస్తారని
‘దుప్పటి కింద’ అని రాశాను.
ఆ సాయంత్రమంతా వాడు దుప్పటి కింద టార్చిలైటుతో
పాత టికెట్లు లెక్కపెట్టుకుంటాడు.
రెండొందల పదకొండు.
ఒకటి తగ్గితే ఇల్లంతా మోకాళ్ల మీద వెతుకుతాం.

తన గడి ఏదని ఇడా ఎప్పుడూ అడగలేదు.
తొమ్మిదేళ్ల పిల్ల. క్లినిక్ వరండాలో
ఒళ్లో పుస్తకం పెట్టుకుని భాగహారాలు చేస్తుంది.
ఒకరోజు చూద్దును కదా, శనివారం అంచున
పెన్సిల్‌తో, తుడిచేయడానికి వీలుగా,
చిన్నగా రాసి ఉంది: ఈత.
దాని మీద పెన్నుతో దిద్దాను.
అక్షరం వంకరపోయింది.

పద్నాలుగు నెలలు ఎదురుచూశాక ఫోనొచ్చింది.
కొర్నేలియా గారి దగ్గర ఒక చోటు దొరికింది,
గురువారం పది పదిహేను.
ఔనన్నాను. కాదనడానికి నాకేమైనా పిచ్చా?

బడికెళ్లి చెబితే హలీనా టీచరు
సుద్దముక్క కింద పెట్టి కాసేపు మాట్లాడలేదు.
“గురువారం పదింటికి వాడు మొక్కలకు నీళ్లు పోస్తాడు.”
కిటికీలో ఆరు కుండీలు.
పిల్లలు, మాదానికి ఇంకాస్త పొయ్యవా అంటూ
వరసలో నిలబడతారట.
వరసలో. వాడి ముందు.
ఇంతవరకు పుట్టినరోజు పిలుపొకటి రానివాడి ముందు.

ఆ రాత్రి వితోల్ద్ పద్నాలుగు నెలలు అన్నాడు.
నేను ఆరు కుండీలు అన్నాను.
కాసేపయ్యాక నేను పద్నాలుగు నెలలు అన్నాను,
తను ఆరు కుండీలు అన్నాడు.
టీ చల్లారిపోయింది.

పొద్దున ఫోన్ చేశాను.
గురువారం కుదరదండీ.
ఎందుకని?
మొక్కలకు నీళ్లు పొయ్యాలి.
అటువైపు కొంతసేపు కీబోర్డు చప్పుడు.
శుక్రవారం ఐదున్నర, వారం విడిచి వారం,
ఊరికి ఆ చివర, రెండు ట్రాములు మారాలి.
కొర్నేలియా గారు మంచిదనలేదు, తప్పనలేదు.
ఏం మొక్కలని మాత్రం అడిగింది.

సరైన పని చేశానో లేదో ఇప్పటికీ తెలీదు.
శుక్రవారం సాయంత్రం వాడు అలసి
ట్రాము నేల మీద పడి అరుస్తుంటే
జనం దాటుకుంటూ దిగిపోతారు,
పోతూ పోతూ తలా ఒక సలహా పడేసి.
గురువారమే ఒప్పుకోవాల్సిందేమో అనిపిస్తుంది.

బడి ఎదురుగానే పన్నెండో నంబరు స్టాపు.
గురువారం పదీ పదిహేడు.
రెండో అంతస్తు, మూడో కిటికీ.
ఎర్ర నీళ్లడబ్బా ఒకటి వంగుతుంది,
ఆగుతుంది, పక్కకు జరుగుతుంది.
దాని వెనకే నాలుగైదు తలలు.
తలుపులు మూసే మీట మీద
నా చెయ్యి అలాగే ఉండిపోతుంది.

రేడియో గరగరలాడింది:
పన్నెండు, ఇరవై సెకన్లు ఆలస్యం, ఏమైంది?
తలుపులో ఎవరిదో గొడుగు ఇరుక్కుందన్నాను.
ఇవాళ వాన లేదు కదా, అన్నాడు డిపో ఆయన.