తవుడు లెక్క

బుచ్చిరెడ్డిపాలెం ఆసుపత్రిలో సోమవారం
గర్భిణీల వరస చేతిపంపు దాకా పోతుంది.
నిన్న పొద్దుట్నించి ఏం తిన్నారో అడగడం,
తిన్నదాన్ని గ్రాముల్లోకి దించడం నా ఉద్యోగం.

మేనుపాటి చెంచురత్నం. ఆరో నెల.
నెత్తురు ఎనిమిది పాయింట్ నాలుగు.
పొద్దున? రెండిడ్లీలు.
మధ్యాన్నం? అన్నం, పప్పుచారు.
రాత్రి?
"కూర మేడం."
"ఏం కూర?"
"కూరే."
పక్క బెంచీ వైపు చూసి
కొంగు కొన వేలికి చుట్టుకుంది.

ఆ చుట్టడం నాకు తెలుసు.
ఏడో తరగతిలో, హాస్టల్లో,
"నిన్న మీ ఇంట్లో ఏం జేసినారుమే" అని ఎవరన్నా అంటే
నేను గౌను నాడా చుట్టేదాన్ని, వేలు తెల్లబడేదాకా.

పెన్ను పక్కన పెట్టి, గొంతు తగ్గించి
"వేపుడా, పులుసా?" అన్నాను.
ఆమె కళ్ళు లేచాయి.

మా అవ్వ నాంచారికి అక్షరం రాదు, వాసనొచ్చు.
తాటాకు మంటలో వెంట్రుక కాలి,
కత్తితో గీకితే తోలు పచ్చగా తేలేది.
పసుపు, కల్లుప్పు, రోట్లో దంచిన ఎండుమిరప, ధనియాలు,
తెల్లగడ్డలు పొట్టుతోనే.
నూనె చుక్క పోసేది కాదు.
"దాని నెయ్యి దానికుండాదిలే" అని
మట్టిదాక కంపకట్టెల మీద పెట్టి
మూత మీద చెయ్యి పడనిచ్చేది కాదు.
లోన ఎరుపు కనిపిస్తే మళ్ళీ పొయ్యి మీదికే.
ఆ రూలు తర్వాత పుస్తకంలో
ఏదో పురుగు పేరు కింద చదివాను.

వంద గ్రాముల్లో మాంసకృత్తులు ఇరవయ్యారు.
కొవ్వు, ముక్కను బట్టి.
ఇనుము గొప్పేం కాదు, ఉన్నది మాత్రం
ఆకుకూర ఇనుములాగా సగం దారిలో బస్సు దిగిపోదు.
ఉప్పు, అవ్వ చెయ్యి ధారాళం, అక్కడ మార్కులు తగ్గించాలి.
ఇక బి వన్.
కోడిలో, పొట్టేలులో వెతికినా అంత దొరకదు.

పరీక్ష ముందు రాత్రి చదివాను:
బి వన్ గింజ పైపొరలో ఉంటుంది.
మిల్లు దాన్ని గీకేస్తుంది. గీకిందే తవుడు.
పుస్తకం మూసి
చాలాసేపు లైటు ఆర్పలేదు.

అన్నం మల్లెపూవులా విచ్చుకోవాలని
కాలవగట్టు మిల్లు రాత్రంతా తిరిగేది.
తెల్లారి, ఆ తవుడు గోతాం సైకిలు మీదేసి
అవ్వ తోసుకుంటా వచ్చేది.
మూడుసార్లు కడిగిన బియ్యం నీళ్ళు
దొడ్డివాకిళ్ళ దగ్గర నిలబడి పోయించుకొచ్చేది.
రెండూ కలిపి తొట్లో.
ఊరు తెల్లదనం కోసం వదులుకున్నదంతా
ఎనిమిది నెలలు మేసి, ఒళ్ళు చేసి
మా దాకలో చిటపటలాడేది.

అదే ఊళ్ళో పెద్దింటి ముసలామె
అరికాళ్ళ తిమ్మిర్లకి సూది వేయించుకునేది.
ఎర్రమందు. సీసా మీద మొదటి పేరు, బి వన్.
ఆ సీసాలు ఏరి మేం బొమ్మలాడుకున్నాం.

ఫారంలో కోడి ఉంది, మేక, చేప, గుడ్డు ఉన్నాయి.
కింద ఇతరములు.
ఆ గడిలో పట్టకపోయినా, పక్కకి జరిగి
పంది వేపుడు, నూట ఇరవై గ్రాములు, అని రాశాను.
"అట్నే రాస్తావా మేడం?"
"అట్నే. ఉప్పు తగ్గించు. నిమ్మకాయ పిండుకో.
బిళ్ళలు మాత్రం మానొద్దు."

లేచి, నడుం మీద చెయ్యేసుకుని, ఆగింది.
"ఇప్పుడా రుచి లేదు మేడం.
తవుడు మాకు యాడ దొరకతాది?
నూనె కంపెనీలోళ్ళు లారీలకి ఎత్తకపోతా ఉండారు.
మా మామ హోటలు ఎంగిళ్ళు తెచ్చి పోస్తాడు."

కిలో ఎంత చెప్తున్నారని అడిగాను.
వెనకామె అప్పుడే తన చీటీ
నా బల్ల మీద పెట్టింది.