ఒక్కో సిలిండరూ ఆపి

కొని పదకొండు రోజులు.
పన్నెండో రాత్రి మళ్ళీ నీలం.

చప్పుడు లేదు. అదే నాకు మింగుడుపడనిది.
ముప్ఫై నాలుగేళ్ళు పార్గువా రేవులో
ఫెర్రీ ఇంజన్లకి చెవి ఆనించి బతికినవాణ్ణి.
ఇంజన్ చచ్చేముందు చెబుతుంది.
దగ్గుతుంది, నల్లగా కక్కుతుంది, పళ్ళు కొరుకుతుంది.
ఇది చెప్పదు.
కొండమలుపులో నా లారీ సగం తిరిగివుండగా
తెరంతా నీలం.
తల పక్కకి వాలిస్తే తెలిసే ఏడుపు మొహం,
కింద తన శాతాలు తాను లెక్కపెట్టుకుంటూ.
ఇన్నేళ్ళూ దాటిన నీళ్ళు బూడిదరంగువే,
ఇంత నీలం నేనెప్పుడూ ఎరగను.

"మునిగావా?" అని ఫోను.
నిబాల్దో. వానంటే ఏమిటో తెలియని ఇకీకేలో ఉంటాడిప్పుడు.
ఎలియోదోరో ఏమీ అనడు,
అతని ఆక్సిజన్ గొట్టం బుస మాత్రం వినిపిస్తుంది.
రేవు మమ్మల్ని ఒక్కొక్కరినే ఒడ్డుకి దించేశాక
ముగ్గురం రాత్రుళ్ళు లారీలు తోలుకుంటున్నాం,
చేతులు ఊరికే ఉండలేక.
దుకాణంలో కుర్రాడు అడిగాడు, మనవడికా అని.
నాకేనన్నాను.
రిటైర్మెంటు డబ్బులో మూడోవంతు
వాడి బల్ల మీద లెక్కపెట్టాను.

పక్కింటి ఫ్లోరిందా కూతురు యస్నా వచ్చింది,
గొడుగు పొయ్యి పక్కన ఆరబెట్టి.
డ్రైవర్ తీసి పాతది వేసింది. పాతది తీసి కొత్తది వేసింది.
బయాస్ మార్చింది,
ఆ ఏడు నిమిషాలూ కరెంటు తీగ జోలికి పోవద్దని
కిటికీలోంచి గాలిని బతిమాలుకున్నాను.
క్రాష్ ఫైళ్ళు తెరిచి చదివింది.
ఒక రాత్రి గ్రాఫిక్స్ దొంగ. ఒక రాత్రి వైఫై.
ఒక రాత్రి ఏ పాపమూ ఎరగని సౌండ్.
"విండోస్ మొత్తం తుడిచేద్దాం తాతా."
ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమే అన్నాను.
అయినా పెట్టాం.
ఇల్లు కాలింది.
ఎలుక ఉంది.

శాంటియాగోకి పంపమన్నారు.
మూడు వారాలు, ఆరయినా కావచ్చు.
ఆరు వారాలా, అన్నాడు నిబాల్దో.
గొట్టం బుసమంటూనే ఉంది. ఎవరం దాన్ని గురించి మాట్లాడలేదు.

ఆ రాత్రి రేకుల మీద వాన. నిద్ర లేదు.
రోజుకో పేరు చెప్పేవాణ్ణి
పేరు అడిగి లాభం లేదు.
వాడు ఎక్కడ పడుకుంటాడో వెతకాలి.
ఒక జూలైలో, నడి కాలువలో,
ఇంజన్ వణికితే ఏం చేశాం?
ఒక్కో సిలిండరుకే డీజిల్ ఆపుతూ వచ్చాం.
ఆపగానే వణుకు పెరిగితే అది మంచిది, వదిలెయ్.
దేన్ని ఆపినా తేడా రాదో
దొంగ అదే.

పొద్దున్నే పదకొండు మరలు
జామ్ సీసా మూతలో వరసగా పేర్చి, అడుగు విప్పాను.
మెమరీ ముక్కలు రెండు, వేలెడంత.
కుడిది తీసేసి ఎడమదాన్ని ఒంటరిగా పరీక్షకి కూర్చోబెట్టాను.
కెటిల్ ఈల వేసేలోపు
ఎర్ర గీతలు, గీత మీద గీత,
చీమల పుట్ట తవ్వినట్టు.
కుడిదాన్ని కూర్చోబెట్టాను.
అదే గాడిలో. ఎందుకంటే గాడినీ అనుమానించాలి.
నాలుగు గంటలు. ఒక్క గీత లేదు.

"సగం జ్ఞాపకంతో నడుస్తుందా అది?" అన్నాడు నిబాల్దో.
"నువ్వు నడవట్లేదూ?"
చాలాసేపు నవ్వాడు, దగ్గొచ్చేదాకా.

చెడ్డ ముక్కని కవర్లో పెట్టి
శాంటియాగో చిరునామా రాశాను.
ముక్క మార్చుకుంటారట. వాళ్ళ మాట వాళ్ళది.
యస్నా మరలు బిగించింది.
ఒక మర మిగిలింది.
అదెక్కడిదో ఇద్దరికీ తెలియలేదు.

ఇవాళ అదే మలుపు.
చేతులు నీలం కోసం ఎదురుచూస్తున్నాయి,
ఊపిరి కూడా సగంలో ఆగి.
లారీ తిరిగింది. వెనక చక్రాలు కూడా తిరిగాయి.
బ్రేకు వేసి, రోడ్డు పక్కన ఆపి,
లాప్‌టాప్ వీపుకి చెవి ఆనించాను.
ఫ్యాన్. అంతే.

"ఎందుకాగావు," అన్నాడు ఎలియోదోరో,
వారంలో అతనన్న మొదటి మాట,
"వెనక నేనున్నా. పోనీ."