వెనకిరుసు లెక్క

పీటర్‌బరోలో మాది పాత బళ్ల యార్డు.
ఒకప్పుడు మూడు కొలతల రైలుపట్టాలు ఈ ఊళ్లోనే కలిసేవి,
ఒకదాని బోగీ ఇంకోదాని మీదికి ఎక్కేది కాదు.
"దాదాపు సరిపోతుంది" అనే మాటకి
ఇక్కడ మొదట్నుంచీ విలువ లేదు.

కౌంటర్లో నేను. ఫోన్లో ఎవరో:
హోల్డెన్ డిఫరెన్షియల్ ఉందా?
ఉంది. కారుదా, యూట్‌దా,
పక్కల కిటికీల్లేని వ్యానుదా?
అవతల మౌనం. గొర్రెల అరుపు.
ఇరుసు ఇరుసే కదా అంటాడు.
కాదు.

డెబ్బైల నాటి కారు వెనకభాగం
కాయిల్ స్ప్రింగుల మీద సుతారంగా కూచుంటుంది.
అదే ఏడు, అదే ఫ్యాక్టరీ, అదే ముక్కూమొహం,
యూట్‌కి మాత్రం అడుగున కమాన్ పట్టీలు,
ఉల్లిమూటలు, నీళ్ల డ్రమ్ము, రెండు కుక్కలు
మొయ్యాలి గనక.
ఎదురుగా చూస్తే కవలలు.
వెల్లకిలా కిందికి దూరితేనే తెలుస్తుంది
ఎవరి నడుం ఎవరిదో.

అంతకు ముందువి బాంజోలు.
తంబురా బుర్రలా గుండ్రటి పొట్ట, విప్పే మూతుండదు,
ఇటూ అటూ ఇరుసులు లాగి, షాఫ్టు ఊడదీసి
పళ్లచక్రాన్ని ముందువైపునుంచి తియ్యాలి,
మంత్రసాని ఓర్పుతో.
తర్వాత వచ్చినవాటికి వెనక పదిబోల్టుల మూత,
తీశావా, లోపలి సంసారమంతా వీధిలో.
ఫాల్కన్లది వేరే గోత్రం.
బోల్టు కూడా పొత్తు కలవదు.

ఇదంతా నాకు నేర్పింది లిండ్సే హాకింగ్.
నంబరు రేకు ఊడిపోతే ఏడవకు, పళ్లు లెక్కపెట్టు అంటాడు.
పెద్దచక్రానికి ముప్పైఏడు, చిన్నదానికి పదకొండు, భాగించు,
మూడు పాయింటు మూడు ఆరు.
నేను తెలుగులోనే లెక్కపెడతాను, నూనె వేళ్లతో.
ముప్పై దాటగానే ఆయన దగ్గుతాడు,
నేను మళ్లీ ఒకటినుంచి.

గాల్లోకి ఎత్తి ఒక చక్రం తిప్పు.
రెండోది ఎదురు తిరిగిందా, మామూలుది.
వెంట తిరిగిందా, గట్టిది, ధర ఎక్కువ.
మా అన్న రాయిసూ నేనూ
మామూలు రకమే అనేవాడు, నవ్వుతూ.

మొన్న మంగళవారం ఆయన సొంత వ్యానే ఎత్తాం.
పోయిన చలికాలం రాయిస్ దగ్గర కొన్నది,
కాగితం లేదు, చేతిలో చెయ్యి.
అప్పుడు వందమీద పోయినా గొంతెత్తని బండి,
ఈ నెల్లోనే సన్నగా మూలుగు మొదలెట్టింది.

పది బోల్టులూ వదులయ్యాయి. మూత జారింది.
నల్లటి నూనె, దానివెంట
తడిసిన తవుడులాంటిది, ముద్దలు ముద్దలుగా.
వేలికి రాసుకుని వాసన చూశాడు.
రంపప్పొట్టు.
అరిగిన పళ్ల ఏడుపు కొనేవాడికి వినపడకుండా
కుక్కి అమ్మడం, చాలా పాత ఉపాయం.

రాయిస్ వడ్రంగి.
"రెడ్‌గమ్," అన్నాడు లిండ్సే,
"మా వంటింటి అరలు చేసిన కర్ర."

ఇంకేం అనలేదు. గుడ్డముక్క అడిగాడు.
చక్రం కడిగి నా ముందు పెట్టాడు.
లెక్కపెట్టాను. ముప్పైఏడు.
రెండు పళ్ల అంచులు ఎగిరిపోయాయి.
ఈసారి దగ్గలేదు.

మూడోవరసలో ఉంది, కమాన్ పట్టీల వ్యానుదే,
బిల్లు ఎవరి పేర రాయను అన్నాను.
నా పేరే అన్నాడు.
కొంచెంసేపటికి:
"ఆ పొట్టు పారబొయ్యకు."

కాఫీడబ్బాలో పోసి అరలో పెట్టాను.
ఇక్కడ ప్రతి డబ్బా మీదా పేరుండాలి,
ఏ బండిది, ఏ ఏటిది, దేనికి సరిపోతుంది.
మూడ్రోజులుగా పెన్ను పట్టుకుని
దాని ముందు నిలబడుతున్నాను.