పై షట్టరు ఒకటే

నెల్లూరు ట్రంకు రోడ్డులో, మేడ మీది షాపులో
మూడు అట్టపెట్టెలు నా ముందు పెట్టి
టీ చెప్పడానికి పోయినాడు జిలానీ.
హెచ్. బి. జెడ్.
అక్షరం మారితే చాలు, వేలల్లో తేడా.

నా దగ్గరుండేవి నాలుగు హార్డ్ డిస్కులు,
వాటి నిండా ఊరోళ్ల పెళ్లిళ్లు.
కొడవలూరు పెళ్లి, అల్లూరు పెళ్లి,
విడాకులైపోయినా నేను చెరపలేకపోయిన
బుచ్చి పెళ్లి ఒకటి.
తలంబ్రాల ఫోటో తెరిస్తే
పాత కంప్యూటరు ఆవలిస్తది.
పొయ్యి మీద అన్నం దించి వచ్చేసరికి
పెళ్లికూతురు బొట్టు దాకా వచ్చి ఉంటది.
తక్కిన మనిషి ఇంకా దారిలోనే.

జెడ్ పెట్టె మీద కోరలు చూపించే పులి.
"దీంట్లో తాళాలన్నీ తీసే ఉంటాయక్కా,
ప్రాసెసర్ని ఎంత తరిమితే అంత పరుగు."
నేను కొన్న ప్రాసెసరు
పుట్టుకతోనే తాళం వేసుకోనుండాది.
బిల్లు రాసిచ్చింది అతనే,
ఆ సంగతి అతనికీ తెలుసు.
టీ మాత్రం బాగుంది.

ఇంటికొచ్చి క్యాలెండరు వెనక గీసుకున్నా.
పైన ప్రాసెసరు, దాని కింద చిప్‌సెట్టు,
అక్కణ్ణుంచి పాయలు పాయలుగా
డిస్కులు, కీబోర్డు, ప్రింటరు, నెట్టు వైరు.
రాత్రి డ్యూటీకి పోతా పోతా
టార్చిలైటు జేబులో దోపుకుంటా
నాయన ఆగి చూసినాడు.
సర్వేపల్లి కాలవ మీద ఇరవై ఆరేళ్ల లస్కరు.

"ఏ మేజరుమే ఇది? నేనెప్పుడూ చూళ్లేదే."

నవ్వొచ్చింది. చెప్పినా.
"ఈ నడి మధ్యలోది, ఎవరికి ఎప్పుడు వదలాలో
చూసుకునేది నాయనా."
"అంటే లస్కరు."
"...అంతే."

గొంతుక్కూర్చున్నాడు.
షాపులో ఎవరూ అడగని మాట అడిగినాడు.
"ఇన్ని తూములు పెట్టినావే,
పైనుంచి దీనికొచ్చే కాలవలెన్ని?"
"ఒకటే."
"ఆ పులి బొమ్మ దాంట్లో?"
"కొంచెం వెడల్పు. అయినా ఒకటే."

"పై షట్టరు ఒకటైనప్పుడు
కింద ఎన్ని తూములు తవ్వితే ఏంది?
అందరూ ఒకేసారి ఎత్తితే
చివరి మడికి బురదే."

ఆ తర్వాత కాసేపు పెన్సిలు ఊరికే తిప్పినాడు.
ఒక ఏడు చివరాయకట్టు చెంచురామయ్య
అర్ధరాత్రి గడ్డపార భుజానేసుకొని వచ్చినాడంట.
కొట్టలా, తిట్టలా.
తూము ఇనప చక్రం మీద చెయ్యి పెట్టి
"ఇది తిరగతాదా, ఊరికే బిగించినారా?" అన్నాడంట.
ఈ మాట మా ఇంట్లో ఎవరికీ తెలీదు.
చిప్‌సెట్టు బొమ్మ గీయకపోతే
నాకూ తెలిసేది కాదు.

"సరే, చవకది?"
"హెచ్చా? ర్యాముకి రెండే గాళ్లు."
"నీకెన్ని ఎకరాలు?"
"ఇప్పుడు నాలుగు డిస్కులు.
ఏడాదికొకటి పెరగతాది. పెళ్లిళ్లు ఆగవు గదా."
"అట్టయితే మధ్యది తీసుకో.
రెండు గాళ్లు ఖాళీగా ఉండనీ.
నీళ్లు తర్వాతైనా వస్తాయి,
తూము తర్వాత పెట్టాలంటే
గట్టు పగలగొట్టాల."

ఆదివారం వాకిలి తలుపేసి,
కిటికీ ఊచ ఒకసారి ముట్టుకొని,
ఒంట్లో కరెంటు దానికి అప్పజెప్పి కూర్చున్నా.
బోర్డు బి. స్క్రూలు తొమ్మిది,
ఒకటి మంచం కిందికి దొర్లి
ఇంతవరకూ దొరకలా.
మొదటిసారి నొక్కితే ఏమీ రాలేదు.
రెండోసారీ రాలేదు.
ర్యాము సగమే దిగింది, బొటనవేలితో అదిమితే
టక్కుమని కూర్చుంది.
ఫ్యాను తిరిగింది.

తెల్లారి నాయన మోకాళ్ల దాకా ఒండ్రుతో వచ్చి
తెరిచిన పెట్టెలోకి వంగినాడు.
బోర్డు మూలనుండే వెండి బిళ్ల మీద
చూపుడువేలు ఆనించినాడు.
"వీడేనా?"
"వీడే."
"వెచ్చంగుండాడు. డ్యూటీలో ఉండాడు."

అప్పుడే తెర మీద బుచ్చి పెళ్లికూతురు
బొట్టూ, నవ్వూ, చేతుల్లో బియ్యమూ
ఒక్కసారే వచ్చి నిలబడింది.
ఎవరి పెళ్లని నాయన అడగలా.
కాళ్లు కడుక్కోడానికి
బోరింగు కాడికి పోయినాడు.