అడుగున పేరు

దేరావీధిలో మా ఇంటిని
ఒడియా పొరుగువాళ్ళు చీనా ఘరో అంటారు.
పోస్టుమానూ అంతే.
మాకు చీనా తెలీదు.
చీనాంబరం అన్న మాట ఒక్కటి తెలుసు,
అదీ ఈయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి బతికిన మనిషి కాబట్టి.

మొదటిది జాడీ.
గోపాలపురంలో, రంగం ఓడ దిగినవాళ్ళ పెరట్లో,
లోపల ఉప్పు, పైన కోడి.
కోడిని దించి చూశాడు ఈయన.
జాడీ మెడ చుట్టూ ఒక పాము, కాళ్ళున్న పాము,
తన తోకనే తరుముకుంటోంది.
"ఎంత?"
"జాడీకా, కోడికా?" అంది ఆ ఇంటావిడ.

పెళ్ళైన ఆరో నెల. నాకు పెట్టిన స్టీలు బిందె ఇచ్చి
ఆ మట్టిని తెచ్చుకున్నాం.
పాత సామానుకి కొత్త స్టీలిచ్చేవాణ్ణి చూశాం గాని
ఇదేం బేరమమ్మా, అని
వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంది.

తరవాత ఇంక ఆగలేదు.
చీర దిగితే పళ్ళెం. రెండు చీరలు దిగితే కూజా.
పర్లాకిమిడిలో దొరికిన అల్లం భరిణెకి మూత లేదు,
పదకొండేళ్ళు మూత కోసం తిరిగాం.
ఛత్రపురంలో ఒకటి దొరికింది. పట్టలేదు.
అలాగే పెట్టాం, పెద్ద టోపీ పెట్టుకున్న పిల్లాడిలా ఉంటుంది.

దుప్పటి చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే
కండక్టరు బిడ్డకి టికెట్టడిగాడొకసారి.
ఈయన మారు మాట్లాడకుండా అర టికెట్టు తీశాడు.

నీలం పళ్ళెం అంచున అలలుంటాయి.
వాటిని చూసి చూసి చీర అంచుకి ఎక్కించాడు.
కుంభాలు లేని అంచు ఎవరు కొంటారని
షావుకారు తిప్పి పంపేశాడు.
అది నా దగ్గరే ఉంది. రెండుసార్లు కట్టాను.

ఆ పళ్ళెం అడుగున నాలుగక్షరాలు.
రాజముద్ర అంటాడు ఈయన.
కాదంటాను నేను.
పేరంటానికి అరువిచ్చిన గిన్నె తిరిగి రావాలని
మనం పేరు కొట్టించుకోమూ?
అక్కడా ఎవరో ఇల్లాలు, అంతే.
"మరి మనం తిరిగివ్వలేదుగా?"
"అడగనీ, చూద్దాం."

చంద్రగిరి మఠానికి మోసుకెళ్ళాం.
కుర్ర సన్యాసి తిప్పి చూసి, గోటితో కొట్టి, చెవి పెట్టి విని,
ఇవి మా అక్షరాలు కావన్నాడు.
ఉప్పు టీ తాగి వచ్చేశాం.

భువనేశ్వరం నుంచి భూతద్దం ఆయనొచ్చాడు ఇంకోసారి.
ఇరవైనాలుగులో పద్నాలుగు మొన్నమొన్నటి బజారువన్నాడు,
ఆ నీలం పళ్ళెంతో సహా.
ఆ రాత్రి ఆ పద్నాలుగింటినీ
బీరువాలో ముందు వరసకి జరిపాడు ఈయన.
"వాటికి తెలీదు కదే" అన్నాడు.

పైలిన్ తుఫాను రాత్రి
మగ్గం గుంటలో పట్టు చిక్కులు పరిచి
అన్నింటినీ పడుకోబెట్టాం.
మేం మంచం కింద.
జాడీ మాత్రం గుంటలో పట్టలేదు.
తెల్లారేసరికి పెంకులు లేవు,
జాడీ మూడు ముక్కలు.
లోపలి గోడకి, ఉప్పు తిన్నచోట,
చేసినవాడి బొటనవేలి గుంట.
ఈయన వేలు పెట్టి చూశాడు. దూరలేదు.
నేను పెట్టాను. కొంచెం వదులు.

ఇప్పుడీయనకి చూపు ఆనదు.
మధ్యాహ్నాలు ఒక్కోటీ ఒళ్ళో పెట్టుకుని తడుముతాడు,
అంచు, కడుపు, అడుగు.
మొన్న బజార్లో స్టీలు గ్లాసు కొని
పేర్లు కొట్టే కుర్రాడికి కాగితం చూపించాను.
"ఎవరి పేరమ్మా ఇది?"
"కొట్టు నాయనా, అక్షరానికి రెండు రూపాయలిస్తాను."

గ్లాసు చేతికిచ్చాను.
వేలితో చాలాసేపు చదివాడు.
"ఒక గీత ఎక్కువ పడిందే" అన్నాడు.
మజ్జిగ పోశాను.