హద్దు దాటాక ఎంత?

తగరపువలస వంతెనకి ఇవతల
మూడు గంటల ఎండ.
నా చేతిలో రసీదు పుస్తకం,
వేలికి కార్బన్ నీలం.
పోయినేడు ఈ గోడకి దేవుళ్ల టైల్స్ అతికించాం.
అప్పట్నించీ జనం
కాస్త ఎడంగా జరిగి నిలబడుతున్నారు, అంతే.

లారీ దిగాడు సూరప్పడు.
లుంగీ ఎత్తబోయి, నన్ను చూసి దించి,
కవళ్లు బేరమాడినట్టు అడిగాడు:
"ఇక్కడెంత మేడమ్?
ఇజీనారంలో సగమేనంట గదా.
అనకాపల్లిలో ఐతే తిట్టి ఒగ్గేస్తారంట."

ఎవరి రేటు ఎంతో నాకేం తెలుసు.
నా పుస్తకంలో అచ్చయిన అంకె ఒక్కటే నాకొచ్చు.
విజయనగరంలో నా బ్యాచ్ హైమవతి చెప్పింది,
వాళ్లకి పుస్తకాలు రాలేదట, ఈలలిచ్చారట.
ఊదితే ఉలిక్కిపడి
ప్యాంటు తడుపుకుంటున్నారే, అంది.

గోస్తనికి ఆ ఒడ్డునా ఇదే ఇసక,
ఇవే తుమ్మలు, ఇదే ఉప్పుగాలి.
ఎక్కడో, ఏ దీపస్తంభం దగ్గరో
తప్పు ఖరీదు మారిపోతుంది.
ఎక్కడన్నది మాకిచ్చిన మ్యాపులో
జెరాక్సు మసకలో పడింది.

"సుగరమ్మా," అన్నాడు. "గంటకోపాలి ఆపాల.
పారాదీపు కాణ్ణించి వస్తన్నాను."
క్యాబిన్లోంచి ఒక కట్ట తీసి చూపించాడు:
బరంపురంలో పచ్చ చీటీ, ఇచ్ఛాపురంలో గులాబీది,
ఇంకో ఊళ్లో చీటీ లేదు, చేతిలో పెట్టించుకున్నారు.
అన్నీ టోలుగేటు కాగితాలతో కలిపి పిన్ను కొట్టుకున్నాడు.
"డీజిలుకిస్తాడు ఓనరు. దీనికియ్యడు."

నవ్వొచ్చింది. నవ్వకూడదు.
ఎనిమిదింటి నుంచీ బిగబట్టుకుని ఉన్నాను.

సంచిలో నీళ్ల సీసా నిండుగానే ఉంది.
ఎదురుగా మేమే కట్టిన మరుగుదొడ్డి,
రిబ్బను ముక్క ఇంకా తలుపుకి వేలాడుతోంది.
తాళం కాంట్రాక్టరు బావమరిది దగ్గర,
బావమరిది సింహాచలంలో ఎవరిదో పెళ్లిలో.
మగవాళ్లకి గోడ ఉంది, గోడకి జరిమానా ఉంది.
నాకు జరిమానా వెయ్యడానికైనా
ఒక గోడ లేదు.
కేజీహెచ్ డాక్టరమ్మ మూడోసారి రాసింది:
నీళ్లు బాగా తాగాలి.
ఆ చీటీ ఈ పుస్తకంలోనే, ఖాళీ రసీదుల మధ్య.
మందుల బిల్లు
నేను రాసే ఏ జరిమానా కన్నా ఎక్కువ.

"మరి నువ్వెక్కడికెల్తావమ్మా?"
లారీ ఎక్కుతూ అడిగాడు, మామూలుగానే,
అన్నం తిన్నావా అన్నట్టు.
కార్బన్ కాగితం తిరగేసి పెట్టుకున్నాను.

వంతెన సగం దాటాక
బ్రేకు దీపాలు ఎర్రగా వెలిగాయి.
అటువైపు నా పుస్తకం చెల్లదు.
నది వైపు చూశాను.
పారుతోంది.
చూపు తిప్పేసుకున్నాను.
డ్యూటీ దిగడానికి ఇంకా
గంటా నలభై నిమిషాలు.