అరవై రెండు జతలు

బొమ్మనహళ్లి గార్మెంట్స్‌లో నా పని తప్పులు పట్టడం.
కాలరు వంకర, కాజా పక్కకు జారడం, కుట్టు దాటడం.
పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఏడొందల చొక్కాలు
నా వేళ్ల కింద నుంచి పోతాయి.
తప్పున్న చోట ఎర్ర స్టిక్కరు.
స్టిక్కరుకి ఎవరి మీదా కోపం ఉండదు.

అందుకేనేమో,
అపెండిక్సు పగిలిన మా మరిది రుద్రముని
ఇంటికి పోవాల్సిన రోజు
కౌంటరు అద్దం కింది సందులోంచి
ఒకటే కాగితం, ఒకటే అంకె,
లక్షా పద్దెనిమిది వేల ఆరువందల నలభై
జారి బయటికొచ్చినప్పుడు
నాకు ఏడుపు రాలేదు.
ముక్కలెన్నో చెప్పని కట్టని
మా సూపర్‌వైజరైనా ముట్టుకోడే, అనిపించింది.

"వివరంగా కావాల" అన్నా.
"హాగెల్లా కొడల్లమ్మా. సిస్టం బిల్లు ఇదు."
సిస్టం తప్పు చెయ్యదంట.
మా కుట్టుమిషన్లు కూడా అట్లే అనుకుంటాయి పాపం.

పక్కన ప్లాస్టిక్ మొక్క.
దాని వెనకాల గోడకి ఒక బోర్డు, కన్నడంలో.
నాది మడకశిర, ఏడో తరగతి.
అవీ మన అక్షరాలే కదా,
తలకట్టు మాత్రం వేరే తీరుగా దువ్వుకుంటాయి.
దుమ్ము పట్టిన ఆకులు జరిపి
వేలు పెట్టి కూడబలుక్కున్నా:
లెక్క వివరంగా అడగడం రోగి హక్కు.
మందులు యాడైనా కొనుక్కోవడం హక్కు.
జబ్బు కాగితాల నకలు తీసుకోవడం హక్కు.
డబ్బు కోసం మనిషిని ఆపి పెట్టుకోరాదు.
ఇంకా కింద ఏదో ఉంది,
సెక్యూరిటీ వచ్చి "జరగమ్మా" అన్నాడు.
హక్కు మాత్రం రెండు భాషల్లోనూ హక్కే.
ఒత్తు కూడా అదే ఒత్తు.

మళ్లీ కౌంటరు. మళ్లీ అదే మాట, రెండోసారి, నాలుగోసారి.
సాయంత్రానికి పదకొండు పేజీలొచ్చాయి.
గాలికి పోకుండా టిఫిన్ డబ్బా బరువు పెట్టి
మెట్ల మీద కూర్చున్నా.

గ్లౌజులు అరవై రెండు జతలు.
రోజుకొకసారి కట్టు మార్చిన కడుపుకి, నాలుగు రాత్రులకి.
గుక్కెడు నీళ్లు కూడా పొయ్యొద్దన్న రోజున
మూడు పూటలా భోజనం.
ఆదివారం పెద్ద డాక్టరు రెండుసార్లు చూసిపోయాడంట.
ఆదివారమంతా మేం ఆ తలుపునే చూస్తా కూర్చున్నాం.

ఎర్ర స్టిక్కర్లు ఫ్యాక్టరీలో ఉండిపోయాయి.
హ్యాండ్‌బ్యాగులో బొట్ల ప్యాకెట్టు ఉంది.
తప్పు తప్పుకీ ఒక బొట్టు, పంతొమ్మిది.
పేరంటానికి బయల్దేరినట్టు తయారైంది బిల్లు.

మేనేజరు మొదట నవ్వాడు.
తర్వాత కళ్లద్దాలు తీశాడు.
"ఎవరు చెప్పారు నీకు ఇవన్నీ?"
"మీ గోడ."
"ఈ లెక్క సరైందేనని రాసి, సంతకం పెట్టివ్వు సామీ,
పై ఆఫీసులో చూపించుకుంటా" అన్నా.
పెన్ను తీశాడు. మూత తియ్యలేదు.
లోపలికి పోయి ఫోను చేశాడు, చానాసేపు.

భోజనాలు పోయాయి.
గ్లౌజులు ఇరవై జతల కాడ ఆగాయి.
మొత్తం ఇరవై ఆరు వేలు తగ్గింది.
ఆదివారం డాక్టరు మాత్రం కదల్లేదు.
ఆ రెండు బొట్లు అట్లే ఉన్నాయి కాగితం మీద;
ఫిర్యాదు రాసి రసీదు తెచ్చుకున్నా, జవాబింకా రాలేదు.
మిగిలినదానికి నా కమ్మలు కుదువలో ఉన్నాయి.
గెలిచావక్కా అని లైన్లో ఆడోళ్లంటే
చెవులు తడుముకున్నా.

కుట్లు విప్పించడానికి పోయినప్పుడు చూశా,
మొక్క మళ్లీ బోర్డుకి అడ్డమొచ్చింది.
ప్లాస్టిక్‌దే గానీ నడుస్తుందన్నమాట.
కాలితో పక్కకి నెట్టా.
"వదినా, పోదాం పా" అన్నాడు రుద్రముని
కడుపు మీద చెయ్యి పెట్టుకుని.
"ఉండు" అన్నా.
కింది రెండు వరసలు చదవాల.